క్యూబ్‌శాట్ పల్టీలు ఆపే సాఫ్ట్‌వేర్: రాయడం, పరీక్షించడం ఎలా?

మొదటిసారి క్యూబ్‌శాట్, అంటే చిన్న ఘనాకారపు ఉపగ్రహం, కడుతున్న కాలేజీ జట్లు తిప్పి తిప్పి అడిగే ప్రశ్న ఒకటే. రాకెట్ నుంచి విడిపడ్డ ఉపగ్రహం పల్టీలు కొడుతూ ఉంటుంది కదా, దాన్ని ఆపే కోడ్ ఎలా రాయాలి? సూత్రం అందరికీ దొరుకుతుంది, ఒక్క పంక్తిలో అయిపోతుంది. అయినా కక్ష్యలోకి వెళ్లాక చాలా ఉపగ్రహాలు ఆ దశలోనే ఇబ్బంది పడతాయి. చిక్కు ఆ పంక్తిలో ఉండదు. దాని చుట్టూ ఉన్న వైర్లు, ప్లస్-మైనస్ గుర్తులు, గడియారాలు, రీసెట్‌లలో ఉంటుంది. అందుకే ఈ గైడ్‌లో సిద్ధాంతం కొంచెమే చెప్పి, సరిచూసుకోవడం ఎక్కువ చెబుతున్నాను.

ఉదాహరణకు 10 సెంటీమీటర్ల ఘనం, 1.3 కిలోల బరువు, 500 కిలోమీటర్ల ఎత్తులో ధ్రువ కక్ష్య అనుకుందాం. మన లక్ష్యం కెమెరాను గురిపెట్టడం కాదు. పల్టీలు ఆపడం, ఆ పని ఎవరి సాయం లేకుండా, ఎన్నిసార్లు రీసెట్ అయినా జరిగేలా చూడటం. ఇది నమ్మకంగా పనిచేస్తే మిగతావన్నీ తర్వాత పైకి పంపుకోవచ్చు. ఇది పనిచేయకపోతే సౌర ఫలకాలకు ఎండ సరిగా పడదు, యాంటెన్నా ఎటు చూస్తుందో తెలియదు, మిగతా కోడ్ ఎంత బాగున్నా అక్కరకు రాదు.

కావలసినవి

- మూడు అక్షాల మాగ్నెటోమీటర్, అంటే అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే సెన్సార్. వీలైతే వేర్వేరు రకాలవి రెండు, ఒకటి లోపల, ఒకటి అంచున.
- మూడు టార్క్ కాయిళ్లు, అక్షానికి ఒకటి. కరెంటు పంపితే ఇవి అయస్కాంతాలై, భూమి క్షేత్రం మీద పట్టుతో ఉపగ్రహాన్ని తిప్పుతాయి. 8 సెంటీమీటర్ల చదరపు చట్రం మీద 200 చుట్లు చుట్టి 80 మిల్లీఆంపియర్లు పంపితే సుమారు 0.1 ఆంపియర్-చదరపు మీటరు అయస్కాంత భ్రామకం వస్తుంది. ఈ సైజుకు అది చాలు.
- కాయిల్‌లో కరెంటును రెండు దిశల్లోనూ పంపగల హెచ్-బ్రిడ్జి డ్రైవర్లు.
- మైక్రోకంట్రోలర్, దానికి బయట వేరుగా ఒక హార్డ్‌వేర్ వాచ్‌డాగ్: సాఫ్ట్‌వేర్ గడువులోగా తట్టకపోతే రీసెట్ చేసే టైమర్.
- పరామితులు (కోడ్ వాడే అమరిక విలువలు), బూట్ లెక్క (ఎన్నిసార్లు మళ్లీ మొదలైందో) దాచుకోవడానికి ఎఫ్‌రామ్, అంటే కరెంటు పోయినా చెరగని మెమరీ.
- ఒక మామూలు దిక్సూచి, సన్నని నైలాన్ దారం, ఇనుము లేని చెక్క బల్ల. వీటిని చిన్నచూపు చూడకండి. కింద చెప్పే పరీక్షల్లో అతి ముఖ్యమైనవి వీటితోనే జరుగుతాయి.
- కంప్యూటర్‌లో సిమ్యులేషన్. పైథాన్ అయినా, ఆక్టేవ్ అయినా సరే.

పల్టీలు ఆపడానికి గైరో (తిరుగుడు వేగం కొలిచేది), జీపీఎస్, సన్ సెన్సార్ (సూర్యుడి దిశ చెప్పేది) అవసరం లేదు. ఉంటే మంచిదే, వాటి రీడింగులను టెలిమెట్రీలో, అంటే భూమికి పంపే సమాచారంలో, పంపండి. కానీ ఈ దశను వాటి మీద ఆధారపడనివ్వకండి. ఒక సెన్సార్, మూడు కాయిళ్లు, ఒక గడియారం: అంతకు మించి ఏది చేర్చినా చెడిపోవడానికి ఇంకో దారి తెరిచినట్టే.

1. అక్షాలను ఉపగ్రహం మీదే రాయండి

ఎక్స్, వై, జడ్ దిశలను పెట్టె మీద బాణాలుగా అతికించండి. చాలా జట్లు వీటిని డ్రాయింగ్‌లో పెట్టుకుని సరిపెడతాయి. మాగ్నెటోమీటర్ చిప్‌కు తన అక్షాలు ఉంటాయి, బోర్డుకు ఇంకో రకంగా ఉంటాయి, కాయిల్ చుట్టినవాళ్లు మూడో రకంగా అనుకుంటారు. చిప్‌ను బోర్డు కింది వైపు అతికిస్తే రెండు అక్షాల గుర్తులు తిరగబడతాయి.

సెన్సార్ నుంచి ఉపగ్రహ అక్షాలకు మార్చే 3×3 పట్టికను ఒకే ఒక్క చోట రాయండి. కోడ్‌లో మధ్యమధ్యలో మైనస్ గుర్తులు పెట్టి సర్దడం మొదలైతే ఆరు నెలల తర్వాత ఎక్కడ ఎన్ని ఉన్నాయో ఎవరికీ తెలియదు.

2. మాగ్నెటోమీటర్ నిజం చెబుతోందో లేదో చూడండి

ఆరుబయటకు వెళ్లండి. మేడ మీద వద్దు, స్లాబ్‌లో ఇనుప ఊచలు ఉంటాయి. ఖాళీ మైదానంలో చెక్క బల్ల వేసి, ఫోన్లు, తాళాలు, బైకులు దూరంగా పెట్టండి.

హైదరాబాద్ ప్రాంతంలో భూ అయస్కాంత క్షేత్రం మొత్తం సుమారు 43 మైక్రోటెస్లా. అందులో ఎక్కువ భాగం ఉత్తరం వైపు అడ్డంగా ఉంటుంది, కొంత భాగం కిందికి వంగి ఉంటుంది. మీ ఊరి విలువను ఐజీఆర్‌ఎఫ్ అనే భూ అయస్కాంత క్షేత్రపు అంతర్జాతీయ నమూనా లెక్కించిపెడుతుంది. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐకి చౌటుప్పల్‌లో అయస్కాంత పరిశీలనశాల ఉంది కాబట్టి, మన ప్రాంతపు క్షేత్రాన్ని ఏళ్ల తరబడి కొలుస్తూనే ఉన్నారు.

ఇప్పుడు జడ్ బాణం ఆకాశం వైపు, ఎక్స్ బాణం ఉత్తరం వైపు ఉండేలా పెట్టండి. ఎక్స్ రీడింగ్ ప్లస్ 39, 40 దగ్గర రావాలి. వై సున్నాకు దగ్గరగా ఉండాలి. క్షేత్రం భూమిలోకి వంగి ఉంటుంది కనుక జడ్ మైనస్‌లో రావాలి. తర్వాత ఎక్స్‌ను తూర్పుకు తిప్పండి. వై బాణం ఉత్తరానికి వస్తుంది, వై రీడింగ్ ప్లస్ కావాలి. తర్వాత పెట్టెను బోర్లించండి, జడ్ ప్లస్ కావాలి. ఈ మూడూ సరిపోతే పట్టిక సరైనదే. ఒక్కటి తేడా వచ్చినా ఆగి సరిదిద్దాకే ముందుకు వెళ్లండి.

తర్వాత పెట్టెను అన్ని దిక్కులకూ మెల్లగా తిప్పుతూ రీడింగులు రికార్డు చేయండి. వాటిని త్రిమితీయ బొమ్మగా గీస్తే గోళం రావాలి. గోళం కేంద్రం పక్కకు జరిగి ఉంటే ఉపగ్రహంలోనే ఏదో అయస్కాంతం ఉందని అర్థం. స్టీలు స్క్రూలు, స్పీకర్ లాంటి భాగాలు, బ్యాటరీ ట్యాబులు చూడండి. గోళం గుడ్డులా సాగి ఉంటే సెన్సార్ స్కేలు తేడా. రెండింటికీ దీర్ఘవృత్తాభం సరిపెట్టి దిద్దుబాటు విలువలు తీసుకోవచ్చు. ఇది ఒట్టి బోర్డుతో కాకుండా పూర్తిగా బిగించిన ఉపగ్రహంతో చేయాలి. అన్ని పరికరాలనూ ఆన్ చేసి ఒకసారి, ఆపి ఒకసారి చేయండి. రెంటికీ తేడా కనిపిస్తే బ్యాటరీ తీగల్లో పారే కరెంటు క్షేత్రాన్ని కలుషితం చేస్తోంది. ప్లస్, మైనస్ తీగలను కలిపి మెలిపెడితే చాలావరకు తగ్గుతుంది.

3. కాయిల్ గుర్తును దిక్సూచితో చూడండి

ఈ ఒక్క పరీక్ష చేయకుండా ఉపగ్రహాన్ని ఎవరికీ అప్పగించకండి.

ఎక్స్ కాయిల్‌కు ప్లస్ ఆదేశం ఇవ్వండి. ప్లస్ ఎక్స్ ముఖం ఎదురుగా, కాయిల్ అక్షం మీద దిక్సూచి పెట్టండి. ముల్లు ఉత్తరపు కొన ఉపగ్రహం నుంచి బయటికి చూపాలి. అటు పక్కన, మైనస్ ఎక్స్ ముఖం దగ్గర పెడితే అదే కొన ఉపగ్రహం వైపు చూపాలి. మైనస్ ఆదేశం ఇస్తే రెండూ తిరగబడాలి. మూడు కాయిళ్లకూ ఇలాగే చేసి, ఫొటో తీసి, తేదీ వేసి భద్రపరచండి.

ఎగరబోయే వైర్లతో, ఎగరబోయే కనెక్టర్లతో, ఎగరబోయే సాఫ్ట్‌వేర్ ఆదేశంతోనే చేయాలి. బల్ల మీది నమూనాతో చేసిన పరీక్ష లెక్కలోకి రాదు. చివరి బిగింపులో ఒక కనెక్టర్ తిప్పి పెడితే అన్నీ మారిపోతాయి. 1999 మేలో అమెరికా పంపిన టెరియర్స్ అనే చిన్న ఉపగ్రహం ఇలాంటి తేడాకే బలైంది. ఒక టార్క్ కాయిల్ గుర్తు తిరగబడటంతో అది సౌర ఫలకాన్ని సూర్యుడి వైపు తిప్పుకోలేకపోయింది, బ్యాటరీ ఖాళీ అయింది. పరికరాలు బాగున్నా మిషన్ పోయింది.

4. చక్రం కాలాన్ని ముందే తేల్చండి

సూత్రం ఇది: ప్రతి అక్షంలో క్షేత్రం ఎంత వేగంగా మారుతోందో చూసి, దానికి వ్యతిరేక దిశలో కాయిల్‌ను నడపాలి. బీ-డాట్ అని పిలిచేది దీన్నే. ఎక్స్ దిశలో క్షేత్రం పెరుగుతుంటే ఎక్స్ కాయిల్ మైనస్, తగ్గుతుంటే ప్లస్.

కాయిల్ నడుస్తుండగా మాగ్నెటోమీటర్ చదవకూడదు. అలా చదివితే భూమి క్షేత్రానికి బదులు మీ కాయిల్ క్షేత్రమే కనిపిస్తుంది. అందుకని కొలవడం, లెక్క, కాయిల్ నడపడం కలిసి ఒక చక్రం అనుకుని, అర సెకను చక్రాన్ని ఇలా పంచుకోండి:

- మొదటి 50 మిల్లీసెకన్లు: కాయిళ్లు ఆపి, క్షేత్రం సద్దుమణిగేదాకా ఆగడం.
- తర్వాతి 50: ఐదు రీడింగులు తీసి సగటు వేయడం.
- ఆ వెంటనే లెక్క, తర్వాత 300 మిల్లీసెకన్లు కాయిల్ ఆన్.
- మిగిలిన 100 ఖాళీ. ఏదైనా ఆలస్యమైతే సర్దుకోవడానికి.

ఇనుప కోర్ ఉన్న టార్క్ రాడ్లు వాడితే ఆపాక కూడా కొంత అయస్కాంతత్వం మిగులుతుంది. అప్పుడు 50 చాలకపోవచ్చు. కాయిల్ ఆపిన తర్వాత రీడింగ్ నిలకడకు రావడానికి ఎంత పడుతుందో కొలిచి, దానికి రెట్టింపు పెట్టుకోండి.

అర సెకనే ఎందుకు? సెకనుకు 10 డిగ్రీల పల్టీలో అర సెకనుకు 5 డిగ్రీలు తిరుగుతుంది. 40 మైక్రోటెస్లా క్షేత్రంలో అది సుమారు 3.5 మైక్రోటెస్లా మార్పు. చవక సెన్సార్‌కు కూడా స్పష్టంగా కనిపిస్తుంది. పల్టీ సెకనుకు అర డిగ్రీకి తగ్గితే మార్పు 0.17 మైక్రోటెస్లానే, అది సెన్సార్ రొదలో, అంటే రీడింగులో ఎప్పుడూ ఉండే చిన్న ఊగిసలాటలో, కలిసిపోతుంది. చక్రాన్ని బాగా పొట్టి చేస్తే రొద ఎక్కువ, బాగా పొడుగు చేస్తే ఇంకో ప్రమాదం. కొలతకూ కాయిల్ పనిచేయడానికీ మధ్య సుమారు ఒక చక్రం ఆలస్యం ఉంటుంది. ఆ వ్యవధిలో ఉపగ్రహం 90 డిగ్రీలు తిరిగిపోతే బ్రేకు పనిచేయదు, అంతకు మించితే కాయిళ్లు పల్టీని ఆపకపోగా పెంచుతాయి. అర సెకను చక్రానికి ఆ హద్దు సెకనుకు 180 డిగ్రీలు. మీరు 40 లోపే ఉండేలా చూసుకోండి. అంతకంటే వేగంగా విడుదలయ్యే అవకాశం ఉందనుకుంటే 0.1 సెకను చక్రంతో మొదలుపెట్టి, నెమ్మదించాక అర సెకనుకు మారండి.

5. నియంత్రణ కోడ్ రాయండి, వీలైనంత సాదాగా

మొదటి కూర్పుకు నా సలహా: నిష్పత్తి లెక్కలు పెట్టుకోకండి. మార్పు ప్లస్ అయితే కాయిల్ పూర్తి మైనస్, మార్పు మైనస్ అయితే పూర్తి ప్లస్. మార్పు 0.3 మైక్రోటెస్లా కంటే తక్కువైతే ఆ కాయిల్ ఆఫ్. ఈ చివరి నియమం లేకపోతే పల్టీలు ఆగాక కూడా కాయిళ్లు రొదను వెంటాడుతూ బ్యాటరీని తినేస్తాయి. దీంతో పల్టీ సెకనుకు ఒక డిగ్రీ దరిదాపుకు దిగుతుంది. ఈ దశకు అది చాలు. కరెంటుకు మరీ కరువైతే నిష్పత్తి పద్ధతికి వెళ్లండి, కానీ సాదా పద్ధతిని కోడ్‌లోంచి తీసేయకండి.

కోడ్‌లో పదే పదే కనిపించే తప్పులు ఇవి:

*కాల వ్యవధిని 0.5 అని రాసేయడం.* రెండు రీడింగుల మధ్య నిజంగా ఎంత సమయం గడిచిందో కొలవండి. ఒక రీడింగ్ తప్పిపోతే ఆ చక్రంలో కాయిల్ ఆపండి. పాత విలువతో లెక్క వేయకండి.

*మిల్లీసెకన్ల కౌంటర్ నిండిపోవడం.* 32 బిట్ల కౌంటర్ 49.7 రోజులకు మళ్లీ సున్నాకు వస్తుంది. "ఇప్పటి సమయం గడువు కంటే పెద్దదా" అని పోల్చే కోడ్ ఆ రోజు తలకిందులవుతుంది. గుర్తు లేని పూర్ణసంఖ్యలతో తేడా తీసి, ఆ తేడానే పోల్చండి. పరీక్షలో కౌంటర్‌ను నిండబోయే విలువతో మొదలుపెట్టి చూడండి. 49 రోజులు ఎదురుచూడక్కర్లేదు.

*పెద్ద సంఖ్యను చిన్న పెట్టెలో కుక్కడం.* 1996 జూన్ 4న ఏరియాన్ 5 తొలి రాకెట్ పేలిపోవడానికి 64 బిట్ల దశాంశ సంఖ్యను 16 బిట్ల పూర్ణసంఖ్యగా మార్చడమే మూలం. నానోటెస్లాలో 40,000 అనే విలువ కూడా 16 బిట్ల గుర్తు గల సంఖ్యలో పట్టదు. దాని గరిష్ఠం 32,767. మన ఉదాహరణకు ఇంత దగ్గరగా ఉన్న ప్రమాదం ఇది.

*ప్రమాణాలు కలగలిపేయడం.* డిగ్రీలా రేడియన్లా, నానోటెస్లానా మైక్రోటెస్లానా అన్నది చలరాశి పేరులోనే ఉండాలి. వ్యాఖ్యల్లో రాస్తే చాలదు.

*సంఖ్య కాని విలువ పాకడం.* సున్నాను సున్నాతో భాగిస్తే వచ్చే చెల్లని విలువ తర్వాతి లెక్కలన్నిటినీ పాడు చేస్తుంది. దాంతో పెట్టే ప్రతి "పెద్దదా, చిన్నదా" పోలికా అబద్ధమనే వస్తుంది కనుక, "హద్దు దాటితే ఆపు" అనే తనిఖీ దాన్ని పట్టుకోలేదు. "హద్దుల్లో ఉంటేనే వాడు" అని తిప్పి రాయండి.

ప్రోగ్రామింగ్ భాష సంగతి. సీ భాష వాడితే స్టార్టప్ తర్వాత మెమరీ కొత్తగా కేటాయించకపోవడం, ప్రతి లూప్‌కూ గట్టి హద్దు పెట్టడం, ప్రతి ఫంక్షన్ ఇచ్చే ఎర్రర్ కోడ్‌ను చూడటం కనీస నియమాలు. కంపైలర్ హెచ్చరికలన్నిటినీ తప్పులుగానే లెక్కించండి. ఇంకో దారి అడా భాషలోని స్పార్క్ ఉపభాష. కోడ్‌లో హద్దులు దాటడం, సున్నాతో భాగించడం లాంటివి జరగవని నడపకముందే గణితపరంగా నిరూపించే పనిముట్లు దానికి ఉన్నాయి. అమెరికాలోని వెర్మాంట్ టెక్నికల్ కాలేజీ విద్యార్థులు తమ 1యూ (10 సెంటీమీటర్ల ఘనం) క్యూబ్‌శాట్‌కు ఇలాగే రాశారు. 2013 నవంబరులో ఇంకా ఎన్నో విద్యార్థి ఉపగ్రహాలతో కలిసి వెళ్లిన ఆ చిన్న పెట్టె, 2015 నవంబరులో వాతావరణంలోకి దిగి కాలిపోయేదాకా రెండేళ్లు పనిచేసింది. కొత్త భాష నేర్చుకునే సమయం మీ జట్టుకు ఉంటే నేను ఈ దారినే చూపిస్తాను. లేకపోతే సీలో రాసి, స్థిర విశ్లేషణ పనిముట్లను (కోడ్‌ను నడపకుండానే తప్పులు వెతికేవి) ప్రతి మార్పుకూ నడపండి.

6. సెన్సార్ అబద్ధం చెప్పే రోజు కోసం సిద్ధపడండి

ప్రతి రీడింగునూ వాడేముందు రెండు ప్రశ్నలు వేయండి. మొత్తం పరిమాణం 15 నుంచి 70 మైక్రోటెస్లా మధ్య ఉందా? ఈ ఎత్తులో నిజమైన విలువ దాదాపు 20 నుంచి 50 మధ్యే ఉంటుంది. మూడు అక్షాలూ వరుసగా పదిసార్లు అంకె మారకుండా అవే వస్తున్నాయా? అలా వస్తే సెన్సార్ గడ్డకట్టింది, బతికున్న సెన్సార్‌లో రొద తప్పకుండా ఉంటుంది.

తప్పు తేలితే ముందు సెన్సార్‌కు కరెంటు ఆపి మళ్లీ ఇవ్వండి. అప్పటికీ రాకపోతే రెండో సెన్సార్‌కు మారండి. చిప్పులను కలిపే రెండు తీగల ఐ-టూ-సీ బస్సులో డేటా లైను కిందికి పట్టుకుని ఉండిపోవడం తరచూ జరిగేదే. తొమ్మిది క్లాక్ పల్సులు పంపితే చాలాసార్లు విడుస్తుంది. ఆ కోడ్‌ను ముందే రాసి, డేటా లైనును చేత్తో గ్రౌండ్‌కు తాకించి పరీక్షించండి. లైను తాకించిన క్షణంలో సాఫ్ట్‌వేర్ మొత్తం ఆగిపోయి నిలబడితే, ఎక్కడో గడువు లేని ఎదురుచూపు ఉంది.

7. వాచ్‌డాగ్, రీసెట్, సేఫ్ మోడ్

రేడియేషన్ వల్ల మెమరీలో బిట్లు తిరగబడతాయి, చిప్పులు లాచప్ అవుతాయి, అంటే లోపల షార్ట్ అయినట్టు కరెంటు లాగుతూ ఉండిపోతాయి. ముఖ్యంగా దక్షిణ అట్లాంటిక్ మీదుగా వెళ్లేటప్పుడు. వీటిని పూర్తిగా ఆపలేం. రీసెట్ అయినా ఏమీ కానట్టు మళ్లీ పని మొదలయ్యేలా కట్టడమే మన చేతిలో ఉన్నది.

వాచ్‌డాగ్‌ను టైమర్ ఇంటరప్ట్ నుంచి తట్టకండి. అసలు పని ఆగిపోయినా ఇంటరప్ట్ మాత్రం నడుస్తూనే ఉంటుంది, వాచ్‌డాగ్‌కు ఏమీ తెలియదు. సెన్సార్ చదివే పని, నియంత్రణ పని, రేడియో పని మూడూ "నేను పూర్తి చేశాను" అని తమ జెండా ఎత్తాకే ఒకచోట తట్టండి.

రీసెట్ అయిన ప్రతిసారీ బూట్ లెక్కను ఎఫ్‌రామ్‌లో పెంచండి, కారణం కూడా రాయండి. పది నిమిషాలు నిలకడగా నడవకుండానే వరుసగా మూడుసార్లు రీసెట్ అయితే, పైకి పంపిన కొత్త కోడ్‌ను వదిలి, భూమి మీద పరీక్షించిన మూల కోడ్‌తో లేవాలి. ఆ మూల కోడ్ ఉన్న చోట ఎవరూ రాయలేకుండా హార్డ్‌వేర్ తాళం పెట్టండి.

విడుదలైన వెంటనే హడావిడి వద్దు. క్యూబ్‌శాట్ ప్రామాణిక నిబంధనల ప్రకారం యాంటెన్నా లాంటివి విప్పడానికి 30 నిమిషాలు, రేడియో ప్రసారానికి 45 నిమిషాలు ఆగాలి. మీ ప్రయోగ సంస్థ పత్రంలో ఇంకేమైనా ఉందేమో చూసుకోండి. ఈ ఎదురుచూపు గడియారం రీసెట్ అయినప్పుడల్లా మొదటికి రాకూడదు. గడిచిన నిమిషాలు ఎఫ్‌రామ్‌లో ఉండాలి, లేకపోతే పదే పదే రీసెట్ అయ్యే ఉపగ్రహం ఎప్పటికీ నోరు విప్పదు.

కాయిల్ గుర్తుల పట్టిక, చక్రం కాలం, హద్దులు ఇవన్నీ భూమి నుంచి మార్చగలిగేలా పెట్టండి. మూడు కాపీలు, ఒక్కోదానికీ సీఆర్‌సీ (డేటా చెడిందో లేదో చెప్పే తనిఖీ సంఖ్య). మార్పు వచ్చినప్పుడు ఉపగ్రహమే దాన్ని హద్దులతో సరిచూడాలి. జపాన్ 2016 ఫిబ్రవరి 17న పంపిన హితోమి ఎక్స్‌రే ఉపగ్రహం కథ ఇక్కడ ప్రతి జట్టూ తెలుసుకోవాలి. కదలకుండా ఉన్న ఉపగ్రహం గంటకు 21.7 డిగ్రీల వేగంతో తిరుగుతోందని దాని సాఫ్ట్‌వేర్ నమ్మింది. ఆ లేని తిరుగుడును ఆపబోయి రియాక్షన్ వీల్స్‌తో (లోపల తిరుగుతూ ఉపగ్రహాన్ని తిప్పే చక్రాలతో) నిజంగానే తిప్పింది. చివరికి తనను తాను కాపాడుకునే సేఫ్ మోడ్‌లో థ్రస్టర్లను మండించినప్పుడు, భూమి నుంచి అంతకుముందు పంపిన తప్పుడు పరామితుల వల్ల తిరుగుడు ఇంకా పెరిగి మార్చి 26న భాగాలు ఊడిపోయాయి. అందుకే పంపే ప్రతి పరామితినీ ముందు భూమి మీది జంట నమూనాలో నడిపి చూడాలి.

హితోమి నుంచి మనం నేర్చుకుని కోడ్‌లో పెట్టాల్సింది ఇంకొకటి ఉంది. మీ నియంత్రణ పరిస్థితిని బాగుచేస్తోందా, చెడగొడుతోందా అని మీ కోడే అడగాలి. క్షేత్రం మారే వేగాన్ని క్షేత్ర పరిమాణంతో భాగిస్తే తిరుగుడు వేగానికి ఒక అంచనా వస్తుంది. దాని 20 నిమిషాల సగటు ముందు సగటు కంటే ఒకటిన్నర రెట్లు పెరిగితే కాయిళ్లు ఆపేసి, ఆ సంగతిని బీకన్‌లో (ఉపగ్రహం తనంతట తాను పదే పదే పంపే చిన్న రేడియో సందేశంలో) చెబుతూ ఆదేశం కోసం ఆగాలి. పది పన్నెండు పంక్తుల కోడ్ ఇది. గుర్తు తిరగబడ్డ ఉపగ్రహాన్ని కూడా కాపాడుకునే అవకాశం ఇస్తుంది.

8. సిమ్యులేషన్‌లో చెడగొట్టి చూడండి

ఉపగ్రహ గమన సమీకరణాలు, ఐజీఆర్‌ఎఫ్ క్షేత్రం, సెన్సార్ రొద, చక్రం ఆలస్యం కలిపి సిమ్యులేషన్ కట్టండి. ముందుగా కాయిళ్లు ఆపి నడపండి. గతిజశక్తి, నక్షత్రాల దృష్ట్యా కోణీయ ద్రవ్యవేగం మారకూడదు. మారుతుంటే తప్పు మీ సిమ్యులేషన్‌లోనే ఉంది.

ఇప్పుడు చేతి లెక్క. మన ఘనం జడత్వ భ్రామకం సుమారు 0.0022 కిలో-చదరపు మీటరు. సెకనుకు 10 డిగ్రీలంటే 0.175 రేడియన్లు. కోణీయ ద్రవ్యవేగం 0.00038. కాయిల్ 0.1, క్షేత్రం 30 మైక్రోటెస్లా అయితే టార్క్ 3 మైక్రోన్యూటన్-మీటర్లు. అంటే ఆదర్శంగా రెండు నిమిషాల పైచిలుకు చాలు. నిజానికి క్షేత్రం దిశలో ఉన్న తిరుగుడును ఆ క్షణంలో ఏ కాయిలూ ఆపలేదు. ఉపగ్రహం కక్ష్యలో ముందుకు సాగి క్షేత్రం దిశ మారేదాకా ఆగాలి. అందుకే ఒకటి రెండు కక్ష్యలు, అంటే సుమారు మూడు గంటల్లో ఆగుతుందని ఆశించవచ్చు. ఐదారు కక్ష్యలు దాటినా ఆగకపోతే ఎక్కడో గుర్తో, ప్రమాణమో తేడా ఉంది.

పనిచేశాక అసలు పరీక్ష మొదలు. ఒక కాయిల్ గుర్తు తిప్పండి. ఒక కాయిల్ తెంపండి. సెన్సార్‌ను మధ్యలో గడ్డకట్టించండి. అరగంటకోసారి రీసెట్ చేయండి. మొదటి వేగాన్ని, దిశను యాదృచ్ఛికంగా మారుస్తూ వందల సార్లు నడపండి. ఒక కాయిల్ తెగినా మిగతా రెంటితో నెమ్మదిగా ఆగాలి. గుర్తు తిరిగినప్పుడు పైన చెప్పిన కాపలా కోడ్ కాయిళ్లను ఆపాలి. పైకి పంపే అదే సీ లేదా అడా కోడ్‌ను సిమ్యులేషన్‌కు తగిలించండి. పైథాన్‌లో ఇంకోసారి రాసిన కోడ్‌ను పరీక్షిస్తే మీరు పరీక్షించింది వేరే ఉపగ్రహాన్ని.

9. దారంతో వేలాడదీయండి

పూర్తిగా బిగించిన ఉపగ్రహాన్ని ప్లస్ జడ్ పైకి ఉండేలా సన్నని దారంతో వేలాడదీయండి. ఫ్యాన్లు, ఏసీ ఆపండి, తలుపులు మూయండి. దారం మెలి విడేదాకా ఆగి, చేత్తో నెమ్మదిగా తిప్పి వదలండి.

మూడుసార్లు చేయాలి: కాయిళ్లు ఆపి ఒకసారి, మామూలు కోడ్‌తో ఒకసారి, గుర్తులు కావాలని తిప్పి ఒకసారి. మొదటిదానికంటే రెండోది త్వరగా ఆగాలి, మూడోది ఆలస్యంగా ఆగాలి. టార్క్ చాలా చిన్నది కనుక సెకనుకు సెకనుకు సుమారు 0.1 డిగ్రీ మార్పే వస్తుంది. ఓపిగ్గా రెండు మూడు నిమిషాలు వీడియో తీసి పోల్చండి. తేడా తెలియకపోతే గాలి, దారం మెలి ఎక్కువగా ఉన్నాయని అర్థం. అప్పుడు చేత్తో పట్టుకుని చేసే పరీక్షకు వెళ్లండి: ఎక్స్ బాణాన్ని ఉత్తరం వైపు తిప్పుతున్నప్పుడు ఎక్స్ కాయిల్ ఆదేశం మైనస్ రావాలి, ఉత్తరం నుంచి దూరంగా తిప్పుతున్నప్పుడు ప్లస్ రావాలి. మూడో దశలోని దిక్సూచి పరీక్షతో కలిపితే గుర్తుల గొలుసు మొత్తం తేలిపోతుంది. డబ్బు, వసతి ఉన్నవాళ్లు హెల్మ్‌హోల్ట్జ్ కాయిళ్ల పంజరం (కోరిన అయస్కాంత క్షేత్రాన్ని పుట్టించేది), ఎయిర్ బేరింగ్ (గాలి పొర మీద రాపిడి లేకుండా తిరగనిచ్చేది) వాడవచ్చు. లేనివాళ్లు దిగులుపడక్కర్లేదు.

ఇదంతా వద్దనుకుంటే

కాయిళ్లు, సాఫ్ట్‌వేర్ ఏమీ లేని దారి కూడా ఉంది. ఒక శాశ్వత అయస్కాంతం, దానికి అడ్డంగా మెత్తటి అయస్కాంత పదార్థపు కడ్డీలు. అయస్కాంతం క్షేత్రం వెంట నిలబడుతుంది, కడ్డీలు పల్టీ శక్తిని వేడిగా మార్చి తినేస్తాయి. 2016 జూన్ 22న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ34తో వెళ్లిన పుణె విద్యార్థుల స్వయం ఉపగ్రహం ఇలాంటి పద్ధతినే ప్రదర్శించింది. ఉపగ్రహం పని రేడియో సందేశాలు మోయడమే అయితే ఇది చాలా మంచి ఎంపిక. కెమెరా గురిపెట్టాలంటే మాత్రం సరిపోదు, తర్వాత మనసు మార్చుకునే వీలూ ఉండదు.

10. పైకి వెళ్లాక మొదటి రోజు

మన ప్రాంతంలోని ఒక గ్రౌండ్ స్టేషన్‌కు రోజుకు పనికొచ్చే పాస్‌లు (ఉపగ్రహం మన మీదుగా వెళ్లే సమయాలు) కొన్నే దొరుకుతాయి, ఒక్కోటి పది నిమిషాలు మించదు. కనుక బీకన్‌లో ఇవి తప్పకుండా ఉండాలి: మాగ్నెటోమీటర్ ముడి విలువలు, కాయిల్ ఆదేశాలు, తిరుగుడు అంచనా, మోడ్, బూట్ లెక్క, చివరి రీసెట్ కారణం, బ్యాటరీ వోల్టేజీ, ఒక్కో సౌర ఫలకం కరెంటు. ఫార్మాట్‌ను ముందే బయటపెడితే శాట్‌నాగ్స్ అనే గ్రౌండ్ స్టేషన్ల నెట్‌వర్క్‌లోని ఔత్సాహికులు ప్రపంచం నలుమూలల నుంచి మీ బీకన్‌ను పట్టి ఇస్తారు.

మాగ్నెటోమీటర్ చెప్పిందాన్ని ఇంకో దారిలో సరిచూడండి. సౌర ఫలకాల కరెంటు పెరిగి తగ్గే వ్యవధి తిరుగుడు కాలానికి దగ్గరగా ఉండాలి. రేడియో సిగ్నల్ బలం ఊగే లయ కూడా అదే చెప్పాలి. మూడూ ఒకే మాట చెబితే నమ్మండి. తిరుగుడు సెకనుకు ఒక డిగ్రీకి దిగి, రెండు రోజులు అక్కడే నిలబడి, బూట్ లెక్క పెరగకుండా ఉంటే అప్పుడు గైరో ఆన్ చేసి, సన్ సెన్సార్ విలువలు చూసి, గురిపెట్టే కోడ్‌కు మొదటి ఆదేశం పంపండి. ఆ ఆదేశంతో పాటే గడువు కూడా పంపండి: పదిహేను నిమిషాల్లో మీ నుంచి ఇంకో ఆదేశం రాకపోతే ఉపగ్రహం తనంతట తానే పల్టీలు ఆపే మోడ్‌కు తిరిగి రావాలి.